చెట్టు బాగుంది, కాయే మోసం చేసింది: శనక్కాయకు అదును తప్పితే

సమస్య: పీకేసరికి కాయలు మట్టిలోనే మొలకలేసున్నాయి

మా మామ ఒక ఏడాది ఆగస్టు 15న విత్తాడు. నవంబర్ చివర చెట్టు పీకితే నాలుగైదు కాయలు పగిలి, తెల్లటి మొలకలు వేలాడుతున్నాయి. "విత్తనాలోళ్ళు ముంచేసినారబ్బా" అని ఒకటే గోల.

కారణం: తప్పు విత్తనానిది కాదు, లెక్కది. మనం వేసే గుత్తి రకాల్లో (కాయలు మొదలు చుట్టూ గుంపుగా కాసేవి) చాలావాటికి నిద్రావస్థ, అంటే పండాక కొన్నాళ్ళు మొలవకుండా ఆగే గుణం, దాదాపు ఉండదు. పండిన కాయకు తడి తగిలితే చాలు, మొలకే. 105 రోజుల పంటను ఆగస్టు 15న విత్తితే కోత నవంబర్ 28కి పడుతుంది. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు అప్పటికి ఈశాన్య రుతుపవనాల ముసురు. అదే జూన్ 25న విత్తుంటే అక్టోబర్ 8కి కాయ కళ్ళంలో ఉండేది.

పరిష్కారం: జూన్ చివర, జూలై మొదట్లో పదును (విత్తడానికి చాలినంత తడి) దొరికిన రోజే గొర్రు కట్టి విత్తాలి. ఆగస్టు నడిమికి వెళ్ళిపోతే శనక్కాయ మీద ఆశ వదిలి ఉలవలు చల్లుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇప్పటికే ఆలస్యమైందా? కోత దగ్గరపడ్డాక చేనులో నాలుగైదు చోట్ల ఒక్కో చెట్టు పీకి కాయలు ఒలవండి. పొట్టు (పై డొల్ల) లోపలివైపు నల్లబారిన కాయలు నూటికి 75 దాటితే ఇంకో వారం ఆగొద్దు. వాన తెరిపిచ్చిన పూటే పీకి, కాయలు పైకి వచ్చేలా కట్టలు తిరగేసి పెట్టండి.

సమస్య: మొవ్వు (చెట్టు కొన చిగురు) ఎండి, చెట్టు గిడసబారింది

ఇది మొవ్వుకుళ్ళు, తామర పురుగులనే సన్నటి రసం పీల్చే పురుగులు మోసుకొచ్చే వైరస్ తెగులు. ఆలస్యంగా వేసిన చేలో ఆ పురుగులు ఎగబడే వేళకు మొక్క ఇంకా లేతగా ఉంటుంది. తెగులు సోకాక మందు లేదు. వచ్చే ఏడాది ముందే విత్తి, గట్ల వెంబడి నాలుగు సాళ్ళు సజ్జ గానీ జొన్న గానీ వేయండి.

సమస్య: బోరు కింద యాసంగి పంట, కాయలన్నీ లొట్టలు (గింజ లేని డొల్లలు)

గింజ నిండేందుకు కాల్షియం ఇచ్చే జిప్సం వేయలేదనే అనుమానం ముందు వస్తుంది. అది నిజమే కావచ్చు, ఎకరాకు 200 కిలోలు పూత దశలో మొదళ్ళ దగ్గర పడాలి. కానీ జనవరి చివర విత్తిన చేలకు ఇంకో తంటా ఉంది. పూతా, పూత నుంచి మట్టిలోకి దిగి కాయగా మారే ఊడలూ మార్చి ఎండకు చిక్కుతాయి, వేడికి పుప్పొడి దెబ్బతింటుంది. దానికి జిప్సం ఏం చేస్తుంది? నవంబర్, డిసెంబర్‌లోనే విత్తేయండి.