పందేనికీ దూరప్రయాణానికీ ఒకే సైకిల్: సమస్య - పరిష్కారం

ఆదివారం పందెంలో పరుగెత్తిన సైకిల్ మీదే మరుసటి వారం కడప నుంచి గండికోటకు సంచులు కట్టుకుని వెళ్లవచ్చు. అయితే కొనేటప్పుడు బరువు కన్నా ముందు ఫ్రేము చూడాలి. చక్రాలు, టైర్లు, సీటు తర్వాతైనా మారతాయి. ఫ్రేములో లేని జాగాను మాత్రం ఎవరూ తెచ్చిపెట్టలేరు.

సమస్య: తొక్కుతుంటే మడమ వెనక సంచికి తగులుతోంది.
కారణం: పందెపు ఫ్రేములో పెడల్ ఇరుసుకూ వెనక చక్రం ఇరుసుకూ మధ్య దూరం సుమారు 410 మి.మీ. మాత్రమే. దూరప్రయాణాల కోసం చేసిన టూరింగ్ ఫ్రేములో 440 దాటుతుంది. నా మొదటి సైకిల్ పందేలదే. జమ్మలమడుగు చేరేలోపే బూటు మడమ రుద్ది రుద్ది సంచి మూల తెల్లబడింది, దారాలు లేచాయి.
పరిష్కారం: చిన్న సంచులు వాడి, క్యారియర్ మీద వీలైనంత వెనక్కి కట్టండి. కొత్తది కొంటే 425-435 మధ్య ఉన్నదీ, క్యారియర్ బిగించే రంధ్రాలున్నదీ ఎంచుకోండి.

సమస్య: గువ్వలచెరువు ఘాట్‌లో సామానుతో ఎక్కుతుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయి.
కారణం: ఓపిక లేక కాదు, గేరు బరువై. గొలుసు తిరిగే పళ్ల చక్రాల్లో ముందుదానికి 39 పళ్లు, వెనకదానికి 25 ఉంటే పెడల్ ఒక్క చుట్టుకు వెనక చక్రం ఒకటిన్నర చుట్లకు పైగా తిరగాలి.
పరిష్కారం: ముందు 50, 34 పళ్ల చక్రాలు రెండు, వెనక 11 నుంచి 34 పళ్ల దాకా ఉన్న పళ్ల చక్రాల గుత్తి (క్యాసెట్) పెట్టించండి. అప్పుడు 34కు 34, చుట్టుకు చుట్టు. గొలుసును ఒక పళ్ల చక్రం మీంచి మరోదాని మీదికి మార్చే వెనక డిరైలర్ అంత పెద్ద క్యాసెట్‌కు సరిపోతుందో లేదో ముందే అడగండి. పందెంలో వేగం తగ్గుతుందన్న భయం అక్కర్లేదు: నిమిషానికి 90 చుట్లు తొక్కితే 50-11 గేరు గంటకు 50 కి.మీ. దాటిస్తుంది.

సమస్య: వెనక చక్రం స్పోకులు తెగుతున్నాయి, రోజూ పంక్చర్లు.
కారణం: 20-24 స్పోకుల తేలికైన చక్రం, 25 మి.మీ. టైరు. వీటి మీద సామాను వేస్తే స్పోకులు ఎక్కువగా క్యాసెట్ వైపే తెగుతాయి. ఇక మన రోడ్ల అంచున సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ఉండనే ఉన్నాయి.
పరిష్కారం: రెండు జతల చక్రాలు. నా దృష్టిలో అసలు కిటుకు ఇదే. పందేనికి తేలికవి, ప్రయాణానికి 32 స్పోకులవి, వాటికి లోపల ముళ్లను ఆపే పొర ఉన్న 32 మి.మీ. టైర్లు. రెండు జతలకూ ఇరుసు కొలత, బ్రేకు రకం, క్యాసెట్ ఒకటే ఉండాలి. ట్యూబు మార్చేముందు టైరు లోపలంతా దూది తిప్పండి. విరిగిన ముల్లు మొన కంటికి కనిపించదు, దూది పోగు దానికి చిక్కుకుంటుంది.

సమస్య: దిగుడులో హ్యాండిల్ ఊగుతోంది.
కారణం: బరువంతా వెనక, పైన ఉంది.
పరిష్కారం: బరువైనవి కిందికి సర్ది, కొంత ముందుకు మార్చండి. ఊపు మొదలైతే ఫ్రేము పై గొట్టాన్ని మోకాళ్లతో నొక్కి పట్టి, మెల్లగా బ్రేకు వేయండి.

కొనేరోజు దుకాణంలో 32 మి.మీ. టైరున్న చక్రాన్ని ఫ్రేములో పెట్టించి చూడండి. పక్కలా పైనా కనీసం 4 మి.మీ. ఖాళీ లేకపోతే, ఎంత ముచ్చటగా ఉన్నా ఆ సైకిల్ వద్దు.