కార్తీకం వచ్చింది, గీజర్ మొరాయిస్తోంది: బోరు నీళ్ల ఇళ్లలో సమస్య - పరిష్కారం

కడపలో గీజర్‌తో ఏడాదికి నాలుగు నెలలే పని. ఎండాకాలంలో మిద్దె మీద ట్యాంకు నీళ్లే ఒళ్లు చురుక్కుమనేలా ఉంటాయి కాబట్టి ఆ స్విచ్ వైపు ఎవరూ చూడరు. కార్తీక స్నానాలు మొదలయ్యే రోజున, ఎనిమిది నెలలు పడుకున్నదాన్ని ఒక్కసారిగా లేపుతాం. అది లేవదు. ఇక శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా ఎలక్ట్రీషియన్ మన ఫోన్ ఎత్తడు.

మా ఇంట్లో మొదటి గీజర్ నాలుగో చలికాలానికే అడుగున తూటు పడి కారిపోయింది. నాసిరకం సరుకు అంటగట్టారని షాపువాణ్ణి తిట్టుకున్నాను. పాత ఇనుముకు వేసే ముందు ఊరికే విప్పి చూస్తే లోపల రెండు దోసిళ్ల తెల్ల పెచ్చులు, ట్యాంకుకు బదులు తాను కరిగిపోయే మెగ్నీషియం రాడ్ ఉండాల్సిన చోట ఒక సన్నటి ఇనుప తీగ. నాలుగేళ్లలో దాన్ని ఒక్కసారైనా విప్పి ఉంటే ఇంకో నాలుగేళ్లు వచ్చేది. షాపువాడి తప్పేమీ లేదు.

మన ఇళ్లలో వంటగట్టు కడప బండ. దాని మీద నిమ్మరసం పడి ఆరితే తెల్లటి మచ్చ పడుతుంది, ఎంత రుద్దినా పోదు. ఆ బండ సున్నపురాయి, పులుపు దాన్ని తినేస్తుంది. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది కూడా ఈ రాయి కోసమే. వాననీళ్లు ఈ రాయి గుండా దిగి, దాన్ని కొంచెం కొంచెం కరిగించుకుని మన బోర్లలో చేరతాయి. నీళ్లు కాగినప్పుడు ఆ కరిగిన సున్నం మళ్లీ రాయిగా మారి, నీళ్లను కాచే కాయిల్‌కు అంటుకుంటుంది. అంటే గీజర్‌లో మనం కాచేది సగం నీళ్లు, సగం కడప బండ అనుకోండి. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కఠినత్వం (కరిగిన సున్నం లాంటి లవణాల లెక్క) హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 600 వరకు. మీ బోరు నీళ్లను ఒకసారి పరీక్ష చేయించి ఆ అంకె తెలుసుకోండి. తర్వాత చెప్పేవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

మా చెల్లెలు విశాఖలో సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. వాళ్ల గీజర్ రోగం వేరు. ఉప్పుగాలి బయటి నుంచి తింటుంది: రేకు బాడీ బుడగలొచ్చి తుప్పు పట్టడం, స్క్రూలు బిగుసుకుపోవడం, వైర్లు కలిసేచోట పచ్చగా చిలుము పట్టడం. ప్లాస్టిక్ బాడీ తీసుకో, తీగల కొసలు ఏడాదికోసారి శుభ్రం చేయించు అని నాకూ చెబుతుంటుంది. అక్కడికి అది మంచి సలహా. ఇక్కడ మాత్రం బయట మెరుస్తూ ఉన్న గీజరే లోపల కుళ్లిపోయి ఉంటుంది.

మూత విప్పే ముందు

గీజర్ స్విచ్ ఆపితే చాలదు, బోర్డులో దాని ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) దించండి. ప్లగ్ కూడా పీకేయండి. పాత ఇళ్లలో స్విచ్ ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌కు వేసి ఉంటుంది, అప్పుడు స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉంటుంది. మూత తీశాక టెస్టర్ పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. గ్యారంటీలో ఉన్న గీజరైతే అసలు విప్పకండి, కంపెనీ మనిషిని పిలవండి. టెస్టర్ పట్టుకోవడం అలవాటు లేనివాళ్లు ఇది చదివి, వచ్చిన మెకానిక్ ఏం చేస్తున్నాడో చూస్తే చాలు.

నీళ్లు అసలు వేడెక్కడం లేదు

లైటు వెలుగుతోందా? వెలగకపోతే ముందు ప్లగ్ చూడండి. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించిన ఇళ్లు ఎన్నో చూశాను. పిన్ను నల్లబడి, సాకెట్ కరిగి, కాలిన వాసన వస్తుంటుంది. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి వైరు పెట్టించండి. పాత ప్లగ్‌ను గీకి మళ్లీ వాడొద్దు.

లైటు వెలుగుతూ నీళ్లు చల్లగానే ఉంటే, కింది మూత తీయండి. చాలా మోడళ్లలో ఒక చిన్న బటన్ ఉంటుంది, ఎక్కువగా ఎర్రది. నీళ్లు హద్దు మీరి కాగితే కరెంటు ఆపేసే కటౌట్ అది. నొక్కితే టిక్‌మంటుంది, గీజర్ పనిచేస్తుంది. సంబరపడకండి, అది ఊరికే పడదు. వారంలో మళ్లీ పడిందంటే నీళ్లు కాగగానే కరెంటు ఆపాల్సిన థర్మోస్టాట్ అతుక్కుపోయింది, లేదా కాయిల్ చుట్టూ సున్నం గడ్డకట్టింది. థర్మోస్టాట్ కొత్తది వేస్తే కొన్ని వందల్లో పోతుంది. బటన్‌ను తీగతో కలిపేసి "ఇక పడదు సార్" అనే మెకానిక్‌ను మాత్రం వెంటనే పంపించేయండి.

బటన్ సరిగానే ఉంటే కాయిల్ రెండు కొసల వైర్లు తీసి మల్టీమీటర్ పెట్టండి. 2000 వాట్ల కాయిల్‌కు 26 ఓములు అటూ ఇటూగా చూపాలి. ఏమీ చూపకపోతే కాయిల్ లోపల తెగింది, మార్చడమే.

ఆలస్యంగా కాగుతున్నాయి, లేదా గోరువెచ్చగానే ఆగిపోతోంది

ఈ రెండూ ఒకటే అనుకుంటాం. కావు. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 2000 వాట్ల కాయిల్‌కు 18 నిమిషాలు పట్టాలి. అరగంట పడుతోందంటే సున్నాన్ని అనే ముందు వోల్టేజీ చూడండి. 230 బదులు 180 వోల్టులే వస్తుంటే కాయిల్ 1200 వాట్ల చిల్లర పనే చేస్తుంది, ఆ అరగంట లెక్క సరిగ్గా సరిపోతుంది. పొద్దున ఆరింటికి వీధంతా గీజర్లు, మోటార్లు వేసుకున్నప్పుడు ఇదే జరుగుతుంది. అయిదింటికే వేసుకుని చూడండి, తేడా తెలుస్తుంది. లేదా మా ఆవిడలా, "మీరు చివర పోసుకోండి" అనేయండి.

టైము సరిగానే ఉండి నీళ్లు గోరువెచ్చగా ఉన్నప్పుడే లైటు ఆరిపోతోందంటే చాలావరకు అది సున్నమే. కాయిల్ వేడి నీళ్లలోకి పోలేక పక్కనున్న థర్మోస్టాట్‌ను కాల్చుతుంది, నీళ్లు కాగాయనుకుని అది కట్ చేసేస్తుంది. దీనికి తోడు ఎసరు మరిగినట్టు గుడగుడ, చిటపట శబ్దం వస్తుంది. పెచ్చుల కింద చిక్కుకున్న నీళ్లు మరిగే చప్పుడు అది. ఈ దశలో విప్పి కడిగితే కాయిల్ దక్కుతుంది. వచ్చే ఏడు చూద్దాంలే అంటే కాయిల్ తనను తాను కాల్చుకుంటుంది.

కడిగే పద్ధతి కొంచెం వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే.

కరెంటు తీసి, నీళ్లు చల్లారేదాకా ఆగండి. గీజర్‌కు చల్లనీళ్లు వచ్చే వాల్వ్ కట్టేసి, వేడినీళ్ల కుళాయి తెరిచి ఉంచండి. ఆ కుళాయి నుంచి గాలి లోపలికి పోతేనే నీళ్లు కిందికి దిగుతాయి. తర్వాత కింద చల్లనీళ్ల పైపు విప్పి, సేఫ్టీ వాల్వ్ (ఒత్తిడి పెరిగితే నీళ్లు వదిలేది) బద్ద పైకెత్తి పట్టుకుంటే ట్యాంకు ఖాళీ అవుతుంది. రెండు బకెట్లు దగ్గర పెట్టుకోండి. వైర్లు ఏది ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకుని విప్పండి. అడుగు ప్లేటు నట్లు వదులు చేసి కిందికి లాగితే కాయిల్, మెగ్నీషియం రాడ్ రెండూ దానితోపాటే వస్తాయి. మిగిలిన నీళ్లూ పెచ్చులూ మీ మొహం మీదికి, కాబట్టి పక్కకు నిలబడి లాగండి.

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు గోరువెచ్చటి నీళ్లకు 50 గ్రాములు కలిపి, కాయిల్‌ను అందులో గంటా రెండు గంటలు నానబెట్టండి. వైర్లు తగిలించే కొసలు మునగకూడదు. నురగ పొంగుతుంది, పెచ్చు మెత్తబడి రాలుతుంది. వంటగట్టు మీద మచ్చ చేసిన నిమ్మరసం పనే ఇది, కాకపోతే ఇక్కడ మనకు కావలసిన చోట చేస్తోంది. మా జేజి రాగి హండా అడుగున పట్టిన తెలుపును చింతపండుతో వదిలించేది, అదీ ఇదే కిటుకు. బాత్‌రూం కడిగే యాసిడ్ మాత్రం పోయకండి, పోయనివ్వకండి. అయిదు నిమిషాల్లో తళతళలాడుతుంది, నిజమే. సున్నంతోపాటు లోహాన్నీ తింటుంది, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ట్యాంకు లోపలి పెచ్చులను చేత్తోనో ప్లాస్టిక్ గరిటెతోనో తీయండి. స్క్రూడ్రైవర్‌తో గీకితే లోపలి గాజు పూత పగిలి, తుప్పుకు దారి మనమే వేసినట్టవుతుంది.

ఇప్పుడు ఆ మెగ్నీషియం రాడ్. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పును అది తన మీదికి తెచ్చుకుని కరిగిపోతుంది. దాని ఉద్యోగమే అది. సగానికి సన్నబడితే మార్చేయండి. ఉప్పు ఎక్కువున్న బోరైతే ఏడాదికోసారి చూడాలి. గీజర్ మొత్తం ధరలో దీని ఖరీదు చాలా తక్కువ, అయినా సర్వీసుకు వచ్చినవాళ్లు అడగనిదే దీని ఊసెత్తరు. "రాడ్ ఎంత మిగిలిందో చూపించు తమ్ముడూ" అని మనమే అడగాలి.

బిగించేటప్పుడు రబ్బరు వాషర్ కొత్తది వేయండి, పాతది ఎంత బాగున్నట్టు కనిపించినా సరే. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. నీళ్లు వదిలి, వేడినీళ్ల కుళాయిలో గాలి పోయి ధార నిండుగా వచ్చేదాకా చూసి, అడుగున తడి లేదని నిర్ధారించుకున్నాకే స్విచ్. ఖాళీ ట్యాంకులో స్విచ్ వేస్తే కాయిల్ నిమిషాల్లో పోతుంది, ఇంతసేపు పడిన పాటు గంగపాలు.

షాక్ కొడుతోంది, లేదా వేయగానే ట్రిప్ అవుతోంది

కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటే ఆ క్షణమే వాడకం ఆపండి. చెప్పులేసుకుని పోసుకుంటే సరిపోతుందనే మాట వినొద్దు. కాయిల్ పైతొడుగు చిట్లి నీళ్లలోకి కరెంటు వస్తోంది, పైగా ఇంటి ఎర్తింగ్ పనిచేయడం లేదు. రెండు తప్పులు కలిస్తేనే షాక్ కొడుతుంది, కాబట్టి కాయిల్ ఒక్కటే మార్చి ఊరుకుంటే సగం పనే. మన దగ్గర ఎర్త్ గుంతలు ఎండాకాలానికి పూర్తిగా ఎండిపోయి పేరుకే మిగులుతాయి. అప్పుడప్పుడు నీళ్లు పోస్తూ, ఏడాదికోసారి పరీక్ష చేయించాలి. కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో గీజర్ కంటే ముందు అది పెట్టించండి.

ఆర్‌సీసీబీ పడుతుంటే కారణం కరెంటు లీకేజీ. కాయిల్ కొసకూ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెడితే ఏ అంకే చూపకూడదు. ఏదైనా చూపితే కాయిల్ పోయినట్టే. చూపకపోయినా అనుమానం తీరకపోతే మెగ్గర్ (సన్నటి లీకేజీని కూడా పట్టే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. ఎంసీబీ పడుతుంటే షార్ట్ అయింది, లేదా ఒకే లైను మీద గీజర్‌తోపాటు వాషింగ్ మెషీనో ఇంకోటో నడుస్తోంది.

కారుతోంది

ఎక్కడి నుంచో కనిపెట్టడమే అసలు పని. పొడిగుడ్డతో అంతా తుడిచి, పైపు బిగింపుల దగ్గర, సేఫ్టీ వాల్వ్ దగ్గర, అడుగు మూత దగ్గర కాగితం ముక్కలు పెట్టి పది నిమిషాలాగండి. పైపు దగ్గరైతే టేపు, వాషర్‌తో పోతుంది. మూత లోపలైతే ప్లేటు వాషర్.

సేఫ్టీ వాల్వ్ నుంచి కాగేటప్పుడు మాత్రమే చుక్కలు పడుతుంటే కంగారు వద్దు. 15 లీటర్లు 60 డిగ్రీలకు వచ్చేసరికి ఒక గ్లాసు నీళ్లంత వ్యాకోచిస్తాయి, అవి ఎటోకటు పోవాలి కదా. చల్లగా ఉన్నా ఆగకుండా కారితే వాల్వ్ కింద పెచ్చు ఇరుక్కుంది. బద్దను రెండు మూడుసార్లు ఎత్తి వదలండి, ఆగకపోతే మార్చండి. ప్రెషర్ పంపు పెట్టాక మొదలైందంటే పంపు ఒత్తిడి తగ్గించాలి. ఆ రంధ్రానికి పుల్లో బిరడానో కొట్టడం మాత్రం బాంబు కట్టుకోవడమే.

బాడీ అడుగు నుంచి ఎర్రటి, తుప్పు రంగు నీళ్లు వస్తే ట్యాంకుకే తూటు పడింది. వెల్డింగు, ఎంసీల్ ఏవీ నిలవవు.

చిన్నాచితకా

వేడినీళ్ల ధారే సన్నగా వస్తే కుళాయి మూతి జాలీ విప్పి నిమ్మ ఉప్పులో వేయండి. మా వీధిలో పదింట తొమ్మిది ఇళ్లకు అంతే. కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే చాలాకాలం వాడని ట్యాంకులో సూక్ష్మజీవులు చేరాయి. 60 డిగ్రీలకు పైన బాగా కాచి మొత్తం పారబోయండి, రెండుసార్లు చేస్తే పోతుంది. రోజువారీ వాడకానికి మాత్రం థర్మోస్టాట్ 60 దగ్గర ఉంచితే చాలు. 75కు తిప్పితే సున్నం ఇంకా వేగంగా కడుతుంది.

మార్చక తప్పకపోతే

ట్యాంకు తూటు పడితే మార్చాల్సిందే. కాయిల్, థర్మోస్టాట్, రాడ్ మూడూ ఒకేసారి పోయి, గీజర్‌కు ఏడెనిమిదేళ్లు దాటితే కూడా నేనైతే మార్చేస్తాను. కొనేటప్పుడు స్టార్ల సంఖ్య, రంగు కంటే ముందు మూడు అడగండి: ట్యాంకు లోపల గాజు పూత ఉందా, కాయిల్ తుప్పును తట్టుకునే నికెల్ మిశ్రమం ఇన్‌కలాయ్‌దా, రాడ్ విడిగా కడపలో దొరుకుతుందా. ఉప్పు నీళ్లకు మామూలు స్టీలు ట్యాంకు నమ్మకం లేదు, క్లోరైడ్ దాన్ని అతుకుల దగ్గర తినేస్తుంది. గ్యారంటీ కార్డులో ట్యాంకుకు, కాయిల్‌కు, మిగతాదానికి వేర్వేరు ఏళ్లుంటాయి, నీళ్ల కఠినత్వం మీద షరతు కూడా ఉండొచ్చు. షాపులోనే నిలబడి చదవండి. మిద్దె మీద చోటుంటే మన ఎండకు సోలార్ ఇంకా మేలు. బోరు నీళ్లకైతే గాజు గొట్టాల రకం తీసుకోండి, సన్నటి రాగి గొట్టాల పలకల్లో సున్నం కట్టి పూడుకుపోతాయి.

బిగించిన రోజున గీజర్ పక్కన గోడ మీద మార్కర్‌తో తేదీ రాసి పెట్టండి. కింద ఇంకో వరస ఖాళీగా వదలండి, రాడ్ మార్చిన తేదీకి. మా గోడ మీద ఇప్పుడు అలాంటివి మూడు వరసలున్నాయి, గీజర్ మాత్రం అదే.