వించ్ కేబుల్ తెగినప్పుడు గ్లైడర్ విద్యార్థి ఏం చేయాలి?

గ్లైడర్ అంటే ఇంజిన్ లేని విమానం; వించ్ అంటే దానిని నేల మీది నుంచి పొడవాటి కేబుల్‌తో లాగి గాలిలోకి లేపే యంత్రం. అలా లాగుతున్నప్పుడు గ్లైడర్ ముక్కు దాదాపు 45 డిగ్రీలు పైకి లేచి ఉంటుంది కనుక, ఆ స్థితిలో కేబుల్ తెగితే వేగం రెండు మూడు సెకన్లలోనే పడిపోతుంది. కేబుల్ తెగిన గ్లైడర్‌ను క్షేమంగా దించవచ్చు; ఆ తరువాతి తొందరపాటే దానిని కూలుస్తుంది.

అందువల్ల ఏ ఎత్తులో తెగితే ఎటు దిగాలో నేల మీద ఉండగానే పైకి చెప్పుకోవాలి. బయలుదేరేటప్పుడు ఎడమ చెయ్యి కేబుల్‌ను వదిలించే పసుపుపచ్చ రిలీజ్ పిడి మీదే ఉండాలి. రెక్క నేల వైపు వాలి, సరిదిద్దినా లేవకపోతే వెంటనే కేబుల్ వదిలివేయాలి, ఎందుకంటే గడ్డికి తగిలిన రెక్క చుట్టూ గ్లైడర్ తిరిగి పల్టీ కొట్టవచ్చు.

కేబుల్ తెగగానే స్టిక్‌ను ముందుకు నెట్టి ముక్కును మామూలు గ్లైడ్ స్థితి కంటే కిందికి దించాలి. ముక్కు దిగినంత మాత్రాన వేగం వచ్చినట్లు కాదు. వేగ సూచిక మీద అప్రోచ్ వేగం (దిగడానికి వచ్చేటప్పుడు ఉంచే వేగం) కనిపించే వరకు మలుపు తిప్పకూడదు, ఎయిర్ బ్రేకులు (త్వరగా కిందికి దిగడానికి రెక్కల మీద తెరిచే పలకలు) తెరవకూడదు. స్టిక్ నెట్టినప్పుడు ఊయల దిగుతున్నట్లు కడుపులో తేలికగా అనిపిస్తుంది. దానిని స్టాల్ (రెక్కలు గ్లైడర్‌ను మోసే బలం కోల్పోవడం) అనుకుని మరింత నెట్టే విద్యార్థి నిటారుగా నేలకు దూసుకుపోతాడు. వేగం చాలినంత ఉంటే అది స్టాల్ కాదు.

వేగం నిలిచాక రిలీజ్ పిడి లాగి మిగిలిన కేబుల్ ముక్కను వదలాలి. ఎదురుగా చోటుంటే తిన్నగానే దిగాలి. తప్పనిసరై తిరగవలసి వస్తే రెక్కలు 45 డిగ్రీలు వాలిన మలుపులో స్టాల్ వేగం (ఏ వేగం కంటే తగ్గితే స్టాల్ అవుతుందో అది) సుమారు 19 శాతం పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. మలుపు చాలడం లేదని రడ్డర్‌ను (తోక మీది చుక్కానిని) మలుపు లోపలి వైపుకు తొక్కడం స్పిన్‌ను, అంటే గిరగిరా తిరుగుతూ పడిపోవడాన్ని, పిలుచుకోవడమే.

హైదరాబాద్ ఎండల్లో కన్ను కూడా మోసం చేస్తుంది. బేగంపేట విమానాశ్రయం సముద్ర మట్టానికి 531 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 40 డిగ్రీల వేడిలో గాలి పలచబడి, సూచిక గంటకు 80 కిలోమీటర్లు చూపినప్పుడు అసలు వేగం సుమారు 86 ఉంటుంది. నేల వేగంగా పరుగెడుతోందని ముక్కు ఎత్తడం ప్రమాదకరం; సూచికనే నమ్మాలి.

ఒంటరి ప్రయాణానికి ముందే, ముందుగా చెప్పకుండా వేర్వేరు ఎత్తుల్లో కేబుల్ వదిలి పరీక్షించమని ఇన్‌స్ట్రక్టర్ గారిని అడగాలి. నా దృష్టిలో మధ్య ఎత్తే అన్నిటికన్నా కష్టం: తిన్నగా దిగడానికి రన్‌వే చాలదేమో అనిపిస్తుంది, చుట్టి రావడానికి ఎత్తు చాలదేమో అనిపిస్తుంది.