కిడ్నీ మార్పిడి తర్వాత జ్వరం వస్తే ఏం చేయాలి?

జ్వరం, లేదా జ్వరం లేకుండానే నీరసం

కారణం: కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. స్టెరాయిడ్ జ్వరాన్ని కూడా అణిచేస్తుంది. అందుకే లోపల ఇన్‌ఫెక్షన్ ముదిరినా థర్మామీటర్ 99 దగ్గరే ఆగిపోవచ్చు.

పరిష్కారం: 100.4 వచ్చిందంటే అర్ధరాత్రయినా ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయండి. చలితో వణుకుతున్నా, బీపీ పడిపోయినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మెడికల్ షాపులో అడిగి రెండు యాంటీబయాటిక్ మాత్రలు వేసేస్తే, తర్వాత కల్చర్‌లో (రక్తం, మూత్రంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష) ఏ బ్యాక్టీరియానో తేలకపోవచ్చు.

యాంటీబయాటిక్ మొదలుపెట్టాక చేతులు వణకడం

ఇది మా ఇంట్లోనే జరిగింది. అన్నయ్యకు దగ్గు వస్తే దగ్గర్లోని క్లినిక్‌లో క్లారిత్రోమైసిన్ రాశారు. మార్పిడి సంగతి మేం చెప్పలేదు, వాళ్లు అడగలేదు. నాలుగో రోజుకి చేతులు వణికాయి, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పెరిగింది. ఈ మందు రక్తంలో టాక్రోలిమస్‌ను బాగా పెంచేస్తుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ అయితే దాన్ని పడగొడుతుంది, అప్పుడు కిడ్నీకే ముప్పు. పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లినా సరే, వాడుతున్న మందుల చీటీ ముందు చూపించండి. ఒంటి నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అసలు వద్దు.

మూత్రంలో మంట, పొత్తికడుపు పక్కన నొప్పి

కిడ్నీ మార్పిడి వాళ్లలో ఎక్కువగా కనిపించే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ మూత్రంలో వచ్చేదే. కొత్త కిడ్నీ ఉండేది పొత్తికడుపులో ఒక పక్కన కాబట్టి అక్కడి నొప్పిని గ్యాస్ అనుకోకండి. మూత్రం కల్చర్‌కు ఇచ్చి, రాసిన యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడాలి. ఆపరేషన్‌లో మూత్రనాళంలో పెట్టిన స్టెంట్ (సన్నని గొట్టం) తీశారో లేదో కూడా అడగండి.

విరేచనాలు

హైదరాబాద్ వానల్లో సంపులోకి మురుగు చేరడం మనకు తెలిసిందే. నల్లా నీళ్లు కాచి తాగించండి, బండి మీద కోసి పెట్టిన పండ్లు వద్దు. ఈమధ్యే యాంటీబయాటిక్ వాడి ఉంటే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా కావచ్చు. మైకోఫెనోలేట్ వల్ల కూడా విరేచనాలవుతాయి, అలాగని సొంతంగా ఆపకండి. ఓఆర్‌ఎస్ తాగిస్తూ డాక్టర్‌కు చెప్పండి. విరేచనాలప్పుడు టాక్రోలిమస్ పెరగొచ్చు, రక్త పరీక్షతో దాని లెవెల్ చూడాలి. ఆ రక్తం పొద్దుటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి.

వారాల తరబడి దగ్గు, బరువు తగ్గడం

టీబీ, లేదా మట్టిలో ఉండే నొకార్డియా అనే బ్యాక్టీరియా కావచ్చు. సీటీ స్కాన్, కళ్లె పరీక్ష చేయించాలి. మేడ మీద కుండీల్లో మట్టి తవ్వే పని ఇంట్లో ఇంకెవరైనా చూసుకోండి.