కనకపుష్యరాగం కొనేముందు తేల్చుకోవలసిన విషయాలు

జాతకంలో గురుబలం తక్కువగా ఉందనో, పెళ్లి సంబంధాలు కుదరడం లేదనో జ్యోతిష్కులు చెప్పినప్పుడు చాలా ఇళ్లలో మొదట వినిపించే పేరు కనకపుష్యరాగం, అంటే ఎల్లో సఫైర్. అయితే దుకాణంలో ఉత్త ‘పుష్యరాగం’ అని అడిగితే ఎల్లో సఫైర్ బదులు టోపాజ్ చేతికి రావచ్చు, ఎందుకంటే వాడుకలో ఆ పేరు రెండింటికీ చెల్లుతుంది. సునేలా పేరుతో అమ్మే సిట్రిన్ స్ఫటిక జాతికి చెందిన మూడో రాయి. కాబట్టి బేరం మొదలుపెట్టకముందే, బిల్లు మీద ‘నేచురల్ ఎల్లో సఫైర్’ అని రాసిస్తారో లేదో అడగాలి.

కనకపుష్యరాగం కోరండమ్ అనే ఖనిజం. కెంపు, నీలం కూడా అదే ఖనిజం. రంగునిచ్చే మలినాలే వేరు, పసుపుకు ఎక్కువగా ఇనుము కారణం. రవి రత్నమైన కెంపును శని రత్నమైన నీలంతో కలిపి ధరించకూడదని చెప్పే సంప్రదాయంలో, గురువు రాయి కూడా ఆ రెండింటికీ తోబుట్టువే కావడం నాకు ఎప్పుడూ తమాషాగానే తోస్తుంది.

మిల్లీగ్రాముల వరకు తూచే త్రాసు ఉంటే, ఉంగరంలో పొదగని విడి రాయిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. చిన్న గ్లాసు నీళ్లను త్రాసు మీద ఉంచి అంకెను సున్నాకు తెచ్చి, రాయిని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ అంచులకూ తగలకుండా నీటిలో పూర్తిగా ముంచాలి. ఐదు క్యారెట్ల రాయి, అంటే ఒక గ్రాము బరువున్నది, సఫైర్ అయితే త్రాసు సుమారు 0.25 గ్రాములు చూపుతుంది. టోపాజ్ అయితే 0.28, సిట్రిన్ అయితే 0.38 వస్తుంది. రాత్రంతా పాలలో నానబెట్టి చూడమనే సలహా మాత్రం దేనినీ తేల్చదు.

అయితే ఈ తూకం కృత్రిమ సఫైర్‌ను పట్టుకోలేదు, ఎందుకంటే 1902లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త వెర్నాయ్ ప్రకటించిన పద్ధతి మొదలు కొలిమిలో తయారయ్యే రాయి కూడా కోరండమే. అంతకంటే చిక్కైనది బెరీలియం అనే మూలకంతో చేసే ప్రక్రియ. లేతగా ఉన్న సహజ రాయిని బెరీలియంతో కలిపి సుమారు 1800 డిగ్రీల వేడిలో ఉంచితే నిండు పసుపు రంగు వస్తుంది, దానిని భూతద్దంతో చూసి కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు. అందువల్ల పెద్ద మొత్తం పెట్టేవారు ప్రయోగశాల నివేదిక తీసుకోవాలి. అందులో రాయి సహజమైనదన్న మాటతో ఆగకుండా, వేడి చేశారా, రంగు ఎక్కించారా అన్న వాక్యాన్ని కూడా చదవాలి.

రంగును దుకాణపు పసుపు దీపాల కింద కాకుండా, పగటి వెలుతురులో తెల్ల కాగితం మీద పెట్టి చూడాలి. శ్రీలంక రాళ్లలో బరువు పోకుండా అడుగు భాగాన్ని లావుగా వదిలేసినవి తరచుగా కనిపిస్తాయి. ఆ పొట్ట భాగానికి కూడా మనం క్యారెట్ లెక్కనే చెల్లిస్తాము. ధర రత్తిలో చెబితే ఆ రత్తి ఎన్ని మిల్లీగ్రాములో అడగాలి, ఎందుకంటే గురివింద గింజ లెక్కన అది సుమారు 120 కాగా, రత్నాల అంగళ్లలో 180 దాకా లెక్కించేవారున్నారు. క్యారెట్ ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే.

ధనుస్సు, మీన రాశులకు గురువు అధిపతి కనుక ఆ రాశులవారికీ, పునర్వసు, విశాఖ, పూర్వాభాద్ర నక్షత్రాలవారికీ ఈ రాయిని సూచించడం ఆనవాయితీ. బంగారంలో పొదిగించి, గురువారం ఉదయం పూజ చేసి, కుడిచేతి చూపుడు వేలికి పెట్టుకుంటారు. ఇది నమ్మకానికి సంబంధించిన విషయం. కానీ చెప్పిన బరువు కోసం అప్పు చేయమని ఏ శాస్త్రమూ అడగదని నా అభిప్రాయం. రాయి చర్మానికి తగలాలని వెనుక భాగాన్ని తెరిచి కట్టిస్తారు, దానివల్ల అడుగున చేరే సబ్బు జిడ్డును మెత్తని బ్రష్షుతో, గోరువెచ్చని నీటితో తేలికగా తీయవచ్చు. వజ్రానికి 10 ఇచ్చే మోస్ కాఠిన్య కొలమానంలో 9 ఉన్న ఈ రాయి తనతోపాటు ఒకే డబ్బాలో ఉంచిన ముత్యాలను గీస్తుంది కాబట్టి, ఉంగరాన్ని విడిగా గుడ్డ సంచిలో దాచాలి.