ఫ్లైకి ప్రొపెల్లర్ బిగించాక వచ్చే తంటాలు

అమెరికా దక్షిణాది చెరువుల్లో లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కోసం ఫ్లై రాడ్ (ఫ్లైలను విసిరే గాలపు కర్ర) పట్టేవాళ్లు నీటి మీద తేలే ఫ్లైలకు, అంటే హుక్ మీద దారంతో కట్టిన తేలికైన నకిలీ ఎరలకు, ఏదో ఒకటి తగిలిస్తుంటారు. ముక్కు దగ్గర చిన్న రేకు ప్రొపెల్లర్, ఫోమ్ పెదవి, గుంట మొహం ఉన్న పాపర్ తల, ఇలా. నీరు మసకగా ఉన్నా పొద్దు గూకుతున్నా ఫ్లై కనబడేలోపే దాని అలికిడి చేపకు అందాలి కాబట్టి ఆలోచన మంచిదే. ఫ్లై మోయలేనంత పెద్దది తగిలించడంతోనే గొడవంతా మొదలవుతుంది.

ప్రొపెల్లర్ తిరగడం లేదు

ముందు నోటితో ఊదండి. కదలకపోతే హుక్ కన్ను వెనక చూడండి: దారం చుట్లు రేకును ఒత్తుతుండవచ్చు, జిగురు రంధ్రంలోకి పాకి ఉండవచ్చు. ప్రొపెల్లర్‌కు రెండు వైపులా ఒక్కో చిన్న పూస ఉండాలి, అవి అటూ ఇటూ కొద్దిగా జరగాలి. రంధ్రం అంచు గరుకుగా ఉంటే సన్నని ఆకురాయితో నునుపు చేయండి. ఊదినప్పుడు తిరిగినా నీళ్లలో మొరాయిస్తుంటే రెక్కల వాలు చాలడం లేదన్నమాట. ప్లయర్‌తో రెండింటినీ సమానంగా, కాస్తే వంచండి. లైను తునకలు తునకలుగా కాక, మూరెడేసి సాఫీగా లాగండి.

లీడర్ మెలిపడుతోంది

లీడర్ అంటే లైను కొసకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారం. ఎక్కువమందిని విసిగించేది ఇదే. ఒడ్డు దగ్గర, కళ్లెదుటే లాగి చూడండి. రేకుతోపాటు ఫ్లై కూడా పొర్లుతుంటే ఆ మెలి మొత్తం లీడర్‌లోకి ఎక్కుతుంది. ఫ్లై తేలిక, రేకు పెద్దది కావడమే కారణం. మొదట చిన్న రేకుకు మారండి. చాలకపోతే హుక్ వంపు దగ్గర రెండు మూడు చుట్లు బరువు తీగ వేస్తే అడుగు భాగం కిందికే ఉంటుంది. వెనక వైపు ఎదురు వాలుతో రెండో ప్రొపెల్లర్ పెడితే ఒకదాని మెలి మరొకటి కొట్టేస్తుంది గానీ, ఆ బరువు విసరడం నాకైతే శిక్షే.

నీళ్లలో బాగానే ఉన్నా మెలి వస్తోందంటే అది గాలిలో పుడుతోంది. విసిరే ముందు ముందుకూ వెనక్కూ ఊపినంతసేపూ రేకు తిరుగుతూనే ఉంటుంది. ఒకటి రెండు ఊపుల్లో వదిలేయండి. మెలిపడిన లైనును ఫ్లై తీసేసి పారే నీటిలో చాచి ఉంచితే దానంతటదే విప్పుకుంటుంది.

ముక్కు మునిగిపోతోంది

లీడర్ ఫ్లూరోకార్బన్‌దేమో చూడండి. నీటి సాంద్రత 1 అనుకుంటే దానిది సుమారు 1.78, నైలాన్‌ది 1.14; అందుకే అది త్వరగా మునుగుతుంది. తేలే ఫ్లైకి నైలానే కట్టాలి. అప్పటికీ మునిగితే రేకు వెనకే ఇంకో పొర ఫోమ్ వేయండి.

విసిరితే దూరం పోవడం లేదు

7 లేదా 8 నంబరు రాడ్, ముందు భాగం బరువైన బాస్ లైను, 6-7 అడుగుల లీడర్ వాడండి.

చేప లేస్తోంది, పడటం లేదు

దగ్గరికొచ్చి వెనక్కి తిరిగితే చప్పుడు ఎక్కువైంది. నీరు కదలకుండా ఉన్న రోజున ప్రొపెల్లర్ ఫ్లై పక్కన పెట్టండి. ఫ్లై పడ్డాక అలలు సద్దుమణిగేదాకా లైను ముట్టుకోకండి. కొట్టి తప్పుతుంటే ఫోమ్ హుక్ మొనకు అడ్డొస్తోందేమో చూడండి. మొనకూ కాడకూ మధ్య ఖాళీ మూసుకుపోతే ఎంత పదునున్నా దండగే. నీళ్లు చిమ్మగానే రాడ్ ఎత్తకుండా, బరువు చేతికి తెలిశాక లైను గట్టిగా లాగండి. మన వైపు కప్ప బొమ్మతో కొరమీనుకు వేసేవాళ్లకూ ఈ ఓపికే కావాలి.

ఇన్ని సర్దినా కుదరకపోతే రేకు మానేయండి. బోస్టన్ వాడు జాక్ గార్ట్‌సైడ్ చేసిన గర్గ్లర్ అనే ఫ్లైలో వీపు మీదుగా మడిచిన ఫోమ్ పట్టీ హుక్ కన్ను దాటి పెదవిలా నిలబడుతుంది. తిరిగే భాగమే లేదు, మెలి భయం తక్కువ. పెదవి కాస్త పొడవుగా ఉంచి, చెరువు దగ్గరే కత్తెరతో కొద్దికొద్దిగా తగ్గించుకోవచ్చు.

‘ఫ్లై మాత్రమే’ అని బోర్డు ఉన్న నీళ్లలో ప్రొపెల్లర్ కట్టేముందు అక్కడి నియమాలు చదవండి. ఫ్లై రాడ్‌తో విసరగలిగినంత మాత్రాన అది ఫ్లై అయిపోదని చేపల వేట రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్ఏ నియమాల్లోనే ఉంది.