‘ది డీర్ హంటర్’ చూస్తారా? అయితే ఇలా ప్లాన్ చేసుకోండి

బెంగళూరు మారతహళ్లి రూముల్లో మనవాళ్లు నలుగురు చేరి యుద్ధం సినిమా అన్నారంటే బాంబులు, ఛేజింగులు ఉన్నదే కావాలి. ఆ మూడ్‌లో ఉంటే దీని జోలికి వెళ్లొద్దు. 1978లో వచ్చిన ఈ సినిమా మూడు గంటల పైమాటే. శుక్రవారం సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో నలిగి ఇంటికొచ్చి రాత్రి పదకొండుకి మొదలుపెడితే గంటలో అందరూ గురకే, అందుకని ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి, బిర్యానీ ముందే తినేయండి. సబ్‌టైటిల్స్ ఉండాలి, బార్ సీన్లలో అందరూ ఒకేసారి మాట్లాడతారు.

మొదటి గంట మాత్రం ఫార్వర్డ్ చేయొద్దు. అమెరికా పెన్సిల్వేనియాలో ఉక్కు ఫ్యాక్టరీ ఊరు, పెళ్లి, తాగుడు, డాన్సులు, జింకల వేట. “యుద్ధం ఎప్పుడొస్తుందిరా” అని ఎవడో ఒకడు అంటాడు, అననివ్వండి, రిమోట్ ఇవ్వకండి. మైకేల్ (రాబర్ట్ డి నీరో), నిక్ (క్రిస్టఫర్ వాకెన్), స్టీవెన్ (జాన్ సావేజ్) వియత్నాం యుద్ధంలో ఏం పోగొట్టుకున్నారో తెలియాలంటే అంతకుముందు వాళ్లకి ఏముండేదో చూసుండాలి కదా. పెళ్లిలో జంట కప్పుల్లోని వైన్ చుక్క ఒలక్కుండా తాగితే జన్మంతా అదృష్టమేనంటారు, అప్పుడు పెళ్లికూతురి గౌను మీద ఓ కన్నేయండి. వియత్నాంలో తనని వదిలేసి రావద్దని నిక్ మైకేల్ దగ్గర మాట తీసుకుంటాడు, అదీ గుర్తుపెట్టుకోండి.

తర్వాత వియత్నాంలో ఖైదీలైన వీళ్లతో ఆడించే, రివాల్వర్ కణతకి పెట్టుకుని ట్రిగ్గర్ నొక్కే ఆట. ఆత్మహత్య లాంటిది దగ్గరగా చూసినవాళ్లు మీలో ఉంటే ముందే చెప్పండి, ఇది సర్‌ప్రైజ్ చేసే సీన్ కాదు. దీన్ని చరిత్ర అనుకోకండి కూడా. ఖైదీలతో అలా ఆడించారనడానికి ఆధారాల్లేవు, వియత్నామీయులని మరీ ఏకపక్షంగా చూపించారని విమర్శలొచ్చాయి, నాకూ న్యాయమే అనిపిస్తుంది.

నా లెక్కలో అసలు సినిమా మైకేల్ తిరిగొచ్చాకే. స్వాగతం చెప్పడానికి ఫ్రెండ్స్ అంతా ఇంట్లో ఎదురుచూస్తుంటే, టాక్సీ ఆపకుండా ముందుకి పోనివ్వమంటాడు. డైలాగులు తక్కువ, కాబట్టి ఫోన్లు పక్కన పడేయండి. స్టాన్‌గా వేసిన జాన్ కజాల్‌ని కూడా చూడండి, కేన్సర్‌తోనే నటించి సినిమా రిలీజ్ కాకముందే పోయాడు.

ముగింపు చెప్పను. అక్కడ అందరూ కలిసి పాడే దేశభక్తి పాట నిజమా, వెటకారమా అని ఇప్పటికీ వాదనలే. మీరూ వాదించుకోండి, కాకపోతే కిందకి దిగి టీకొట్టు దగ్గర, ఓనర్ పైకి రాకముందే.